కొండదారికి బండి నగలు

పెండ్లికి పోవు పిల్లకు నగలు పెట్టుట వేఱు, పొలమునకు పోవు మనిషికి చెప్పులు కొనిపెట్టుట వేఱు. మొదటిది చూచువారి కొఱకు, రెండవది నడచువారి కొఱకు. ఈ భేదము మన యిండ్లలో చిన్నపిల్లలకు కూడ తెలియును గాని, మోటారుబండ్ల విషయమున పెద్దవారే మఱచుచున్నారు. సొంతబండ్లలో కొండలకును అడవులకును పోవు కుటుంబములు ఈ కాలమున పెక్కు. బయలుదేరుటకు ముందు బండికి అవియు నివియు బిగింపింతురు. ఏది కావలెను, ఏది వలదు అను నిర్ణయము పురుషులకే విడుచుట వాడుకయైనది. ఆ డబ్బు ఇంటిది. ఆ బండిలో కూర్చుండువారిలో మనమును మన బిడ్డలును ఉందుము. కాబట్టి సోదరీమణులకు ఈ సంగతి కొంత తెలిసియుండుట మంచిదని వ్రాయుచున్నాము.

మా మఱది చండీగఢ్‌లో ఉద్యోగము చేయుచున్నాడు. అతనికి మహీంద్రావారి థార్ జీపు కలదు. 2020వ సంవత్సరమున వచ్చిన రకమునకు చేరినది. నాలుగు చక్రములకును ఇంజనుబలము అందును. గత వేసవిలో అతడు ఆ బండితోనే గోదావరి యొడ్డున నున్న మా యింటికి వచ్చి, దసరా సెలవులలో మమ్ము స్పితిలోయకు తీసికొనిపోవుదునని చెప్పెను. మా వారు బడిపంతులు. ఆ సెలవులు తప్ప వేఱు తీఱిక లేదు. మా అమ్మాయికి పదునొకండేండ్లు. మా అత్తగారు తాము రామని చెప్పి, "పిల్లను ఎట్లు తీసికొనిపోవుచున్నారో అట్లే తిరిగి తీసికొనిరండి, నేను కోరునది అంతే" అని ఊరకుండిరి. తరువాత ఏ వస్తువు కొనవలసివచ్చినను ఆ మాటయే మాకు తూనికరాయి అయినది.

స్పితికి దారులు రెండు. సిమ్లా నుండి కిన్నౌరు మీదుగా నెమ్మదిగా ఎక్కి కాజాకు పోవునది యొకటి. మనాలి నుండి, 2020లో తెఱచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము దాటి, గ్రంఫూ వద్ద చీలిపోవునది రెండవది. ఈ రెండవ దారిలో గ్రంఫూ నుండి బాతల్ వఱకు సుమారు 50 కిలోమీటర్లు. బాటను వెడల్పు చేయు పనులు సాగుచున్నవి గాని, పెక్కుచోట్ల అది బాటయని చెప్పుటకు వీలులేని రాళ్లకుప్ప. చంద్రానది ప్రక్కన పాఱుచుండును. కొండచఱియల నుండి దిగు నాలాలు బాటకు అడ్డముగా పోవును. ఆ పిమ్మట సుమారు 4,550 మీటర్ల యెత్తున కుంజుమ్ కనుమ. మా మఱది మనస్సు ఈ దారిపైననే యుండెను.

అతడు వ్రాసికొని వచ్చిన పట్టిక చూచితిమి. బండిని పైకెత్తు లిఫ్ట్ కిట్, మఱింత పెద్ద చక్రములు, ముందు ఇనుప బంపరు, దానికి వించ్, నీటిలో ఊపిరి తీయు స్నార్కెల్ గొట్టము, కప్పుమీద సామాను పెట్టు రాక్, దానికి లైట్లపట్టీ. మొత్తము మూడులక్షలకు మించెను. మేము ఈ ప్రయాణమునకని దాచినది 80,000 రూపాయలు. మిగిలినది అప్పు చేయుదునని అతడనెను. "వదినా, ఇవి లేక పోయినచో తోడివారు నవ్వుదురండీ" అని కూడ అనెను.

మేము అతనిని కోప్పడలేదు. "నాయనా, ఒక్కొక్కదానికి ఎదురుగా, ఆ దారిలో మనలను ఆపునది ఏది, దానిని ఈ వస్తువు ఎట్లు తొలగించును అని వ్రాసి తెమ్ము. వ్రాయలేనిదానిని కొట్టివేయుదము" అని చెప్పితిమి. మా వారు ఎఱ్ఱసిరా కలము తీసిరి. అట్లు ముగ్గురము మూడు రాత్రులు కూర్చుంటిమి.

భారతము అరణ్యపర్వమున నలుని కథ చదివినవారికి గుర్తుండును. ఋతుపర్ణుడు ఒక్కదినములో నూఱు యోజనములు పోవలసియుండగా, బాహుకుడై యున్న నలుడు శాలలోని గుఱ్ఱములలో బక్కచిక్కిన వానిని ఏర్చి తెచ్చెను. ఇవియా మనలను చేర్చునవి యని రాజు సందేహించెను. రాజు చూచినది మేనినిగనిగ. సారథి చూచినది సుడులును సత్తువయు. మా పట్టికలోని వస్తువులను కూడ సారథికన్నుతో చూడవలెనని మా యత్నము.

స్నార్కెల్ మొదట పోయినది. ఇంజను గాలి పీల్చు రంధ్రమును కప్పువఱకు ఎత్తునదే ఆ గొట్టము. నీరు ఇంజనులోనికి పోకుండ కాపాడును, నిజమే. కాని ఈ బండి 650 మిల్లీమీటర్ల లోతు నీటివఱకు పోవచ్చునని చేసినవారే చెప్పుచున్నారు. అనగా మోకాలు దాటిన నీరు. అంతకంటె లోతైన నాలాలో పిల్లను కూర్చుండబెట్టుకొని దిగు తల్లి యెవరు? పైగా అచ్చటి నాలాలలో అపాయము లోతులో లేదు, వడిలో ఉన్నది; అడుగున కంటికి కానరాని బండరాళ్లలో ఉన్నది. ప్రక్కనుండి కొట్టు ప్రవాహమునకు గొట్టము అడ్డుపడదు. దీనికి మందు డబ్బుతో వచ్చునది కాదు. వేసవిలో ఎండకు మంచు కరగి మధ్యాహ్నమునకు నాలాలు ఉబ్బును, తెల్లవాఱుసరికి తగ్గును. అప్పుడు పెందలకడ దాటవలెను. దసరానాటికి నీరే తక్కువ, కాని రాత్రిచలికి తడిసిన రాళ్లపై పలుచని మంచుపొర ఏర్పడును. అప్పుడు ఎండ కొంచెము సోకనిచ్చి దాటవలెను. ఏ నెలలో పోవుచున్నామో తెలిసికొని గడియారము చూచుకొనుటకు ఖర్చు లేదు.

వించ్ మాట వచ్చినపుడు మఱది గట్టిగా వాదించెను. దిగబడిన బండిని తన తాటితో తానే లాగికొనగల చక్రము అది. మన అడవులలో గొప్ప సాధనమే. మారేడుమిల్లి వైపు బురదలో చిక్కినచో చెట్టు మొదలికి పట్టీ చుట్టి, తాడు తగిలించి బయటపడవచ్చును. స్పితి చలియెడారి. గ్రంఫూ దాటినది మొదలు బాట ప్రక్కన కట్టుటకు చెట్టేది? ఈ ప్రశ్న మా అమ్మాయి అడిగినది. మఱది కొంతసేపు ఆలోచించి, మఱియొక బండికి కట్టవచ్చుననెను. మఱియొక బండి ఉన్నచో అదే తాటితో లాగును గదా! వించ్‌తో పాటు దానిని మోయుటకు వలసిన ఇనుప బంపరు కూడ కొట్టివేయబడినది. ఆ రెండును ముందు చక్రములపై మోపు బరువు కూడ తగ్గినది.

ఇనుప బంపరు విషయమున చట్టము కూడ కలదు. కారులకు ముందు బిగించు ఇనుపకమ్ములపై చర్య తీసికొనవలసినదని 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు వ్రాసినది. ఢీకొన్నపుడు అవి దెబ్బను మెత్తగా పోనీయవు. గాలిసంచులు సమయమునకు విచ్చుకొనుటకు అడ్డు కావచ్చును. ఎదుటనున్న పాదచారికి మఱింత చేటు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము బండిని చేసినవారు నిర్దేశించిన లక్షణములకు విరుద్ధముగా మార్పరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. లిఫ్ట్ కిట్లు, మితిమీఱిన చక్రములు కొనువారు దీనిని ఎఱిగియుండవలెను. మేము వెళ్లిన యొక అంగడివాడు "అవన్నియు ఎవరు చూతురమ్మా" అనెను. ప్రమాదమైన పిమ్మట భీమావారు చూతురని మా వారు బదులు చెప్పిరి.

చట్టము అటుండనిండు. బండిని పైకెత్తినచో దాని బరువు కూడ పైకి పోవును. నిండుబిందెను నడుముపై పెట్టుకొని నడచుటకును తలపై పెట్టుకొని నడచుటకును గల భేదము మనకు తెలియనిదా? ఒకవైపు కొండ, ఒకవైపు నది, బాట నదివైపు వాలియున్నచోట బండి ఎంత క్రిందుగా బరువు కలిగియుండిన అంత మంచిది. కప్పుమీది రాక్ కూడ ఈ కారణముననే పోయినది. సామాను తగ్గించుటయే మేలు. మేము నలుగురము నాలుగు మెత్తని సంచులతో సరిపెట్టుకొంటిమి. లైట్లపట్టీ గుఱించి చెప్పవలసినది కొంచెమే. ఆ బాటలో చీకటిపడిన పిమ్మట బండి నడుపమని నిశ్చయించుకొంటిమి. పగటికి దీపమెందుకు?

ఇక కొన్నవి చెప్పెదము. డబ్బులో పెద్దభాగము టైర్లకే పోయినది. బండికి నేలతో సంబంధము ఆ నాలుగు అరచేతులంత చోట్ల మాత్రమే. ఎంత బలముగల ఇంజనైనను ఆ చోటు ద్వారానే పని చేయవలెను. పాతవి అరిగియుండెను. కంపెనీవారిచ్చిన కొలతయే ఉంచి, రాళ్లబాటకును తారుబాటకును పనికివచ్చు ఏటీ రకము, ప్రక్కగోడలు దృఢముగా నున్నవి, నాలుగు కొంటిమి. పాతవానిలో మంచిదానిని వెనుక తలుపునకు అదనపు చక్రముగా నుంచితిమి. సోదరీమణులు ఒకటి గమనింపవలెను. టైరు ప్రక్కగోడపై నాలుగంకెల ముద్ర యొకటి ఉండును. 1424 అని యున్నచో 2024వ సంవత్సరమున 14వ వారమున తయారైనదని అర్థము. పచారీసామానుపై తేదీ చూచి కొను మనము దీనిని కూడ చూచి కొనవలెను. రబ్బరు అంగడిలో నిలువయున్నను ముదురును.

తరువాత, టైరు ఒత్తిడి కొలుచు గేజి యొకటియు, బండి బ్యాటరీకి తగిలించి గాలి కొట్టు చిన్న కంప్రెసర్ ఒకటియు. చూచుటకు ఏమియు లేదు, సీటు క్రింద పట్టును. కాని మాకు దీనికి మించినది లేదని తోచినది. గోదావరి ఇసుకలో పరీక్షించి చూచితిమి. ఇసుకబండ్లు త్రొక్కిన బాట ప్రక్కకు దింపగా, మామూలు గాలితో చక్రములు సగమువఱకు దిగబడెను. గాలి విడిచి 18 పౌనుల ఒత్తిడికి దించగా, ఎవరును త్రోయకుండనే, క్రిందిగేరులో మెల్లగా ప్రాకి పైకి వచ్చెను. మా అమ్మాయి బడికొలబద్దతో ఇసుకపై టైరుముద్రలు కొలిచినది. గాలి తగ్గించిన పిమ్మటి ముద్ర ఎంతో పొడుగు. మా వారు అచ్చటనే వైశాల్యమును ఒత్తిడిని గుఱించి పాఠము మొదలుపెట్టిరి. ఎండలో నిలుచుండి విన్నాము. రాళ్లబాటలో అంతగా దింపరాదు. ప్రక్కగోడలు ఉబ్బి రాళ్లకు కోసుకొనును. నాలుగవవంతు తగ్గించిన చాలును, వేగమును తగ్గింపవలెను. తారుబాట ఎక్కునపుడు తిరిగి నింపవలెను. కంప్రెసర్ అక్కఱ అప్పుడే.

ఎత్తైన కొండలపై ఇంకొక చిత్రము. బయటిగాలి పలుచనగుటచే టైరులోని గాలి ఎక్కువైనట్లు గేజి చూపును. మైదానమున 30 చూపినది కుంజుమ్ వంటి చోట అయిదాఱు పౌనులు ఎక్కువ చూపవచ్చును. చలి అందులో కొంత తగ్గించును. మేము తీసికొనిపోయిన చిప్సు పొట్లములు తలగడలవలె ఉబ్బుట చూచి అమ్మాయి నవ్వినది. టైరు సంగతి కూడ అదే.

లాగుటకు నాణ్యమైన నారతాడు, తూనికబలము ముద్రించిన రెండు ఉక్కుకొంకులు. ఇనుపగొలుసు వలదని మఱది తానే చెప్పెను. తెగినచో గొలుసు దెబ్బ ప్రాణాంతకము. ఇంజను క్రింద నూనెతొట్టికి రక్షగా ఉక్కుపలక. ఇవి గాక బ్రేకులు, నూనెలు, బ్యాటరీ, బెల్టులు అన్నియు చూపించి మార్పవలసినవి మార్పించితిమి. కంటికి కనబడని ఈ పనికి డబ్బు ఇచ్చుటకు చాలమందికి చేయి రాదు.

చక్రము మార్చుట పెరటిలో అభ్యాసము చేసితిమి. టైర్ల అంగడిలో గాలితుపాకితో బిగించిన నట్లు బండితో వచ్చిన పానాకు కదలలేదు. మఱది కాలితో త్రొక్కినను కదలలేదు. కొండలో ఈ సంగతి తెలిసియున్నచో ఏమగునో! పొడుగుపిడి గల పానా యొకటి కొని, నట్లు వదులుచేసి, తగుమాత్రముగా బిగించుకొంటిమి. దానితో మేమే, చీరకొంగు దోపుకొని, ఒక్కచేతి బలముతో విప్పగలిగితిమి. జాకీ మెత్తనినేలలో దిగబడకుండ పాత తలుపుచెక్కను అడుగు పొడవు కోయించి బండిలో వేసితిమి.

ఇరుకుదారిలో ప్రక్కన కూర్చుండువారు శల్యసారథ్యము చేయకుండుట కూడ ఒక సాధనమే. దానికి ఖరీదు లేదు, కాని దొరకుట కష్టము. మా వారిని వెనుక సీటునకు మార్చితిమి.

మార్గమును కూడ మార్చితిమి. మనాలి నుండి పోయినచో ఒక్కదినముననే రెండువేల మీటర్ల నుండి కుంజుమ్ యెత్తునకు ఎక్కవలెను; దేహము తట్టుకొనుట కష్టము, తలనొప్పియు వాంతియు పట్టుకొనును. సిమ్లా మీదుగా పోయి, కల్పాలో ఒక రాత్రి, నాకోలో ఒక రాత్రి నిలిచి, కాజాకు చేరితిమి. కఠినమైన దారిని తిరుగుప్రయాణమునకు ఉంచుకొంటిమి. అప్పటికి మా దేహములు ఆ గాలికి అలవాటుపడెను, మఱది చేయి కూడ బండికి కుదిరెను. కాజాలో డీజిలు దొరకును. అచ్చట తొట్టి నింపితిమి. మనాలికి సుమారు 200 కిలోమీటర్లే కాబట్టి అదనపు డబ్బాలు బండిలో పెట్టలేదు.

కుంజుమ్ దాటి బాతల్ వంతెన చేరి, అచ్చటి ఢాబాలో వేడి పప్పన్నము తిని బయలుదేరితిమి. ఛోటాదారా సమీపమున ఒక నాలాలో పట్టణపుకారు ఒకటి చిక్కియుండెను. ముందు చక్రము రెండురాళ్ల నడుమ ఇఱుకుకొని, నీరు తలుపు అంచును ఒరయుచుండెను. లోపల ముసలితల్లియు చంటిబిడ్డతో నొక యిల్లాలును. కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగినపుడు అతడొక్కడే దిగి ఎత్తవలసివచ్చెను. ఇచ్చట నలుగురు మగవారు నీటిలో దిగి త్రోయుచున్నను కదలలేదు.

మొదట ఆడవారిని చేయిపట్టి ఒడ్డునకు చేర్చితిమి. ఆ యిల్లాలి చేతులు మంచుగడ్డలవలె ఉండెను. కారు యజమాని తొందరలో మా తాడును తన బంపరుకు చుట్టబోయెను. మా మఱది అతని చేయి పట్టుకొని ఆపెను. బంపరు పెరికికొని వచ్చి ఎదుటివారి ముఖముపై పడును. ఇప్పటి కారులలో లాగుటకు ఒక మరకొంకి సామానుపెట్టెలో వేఱుగా ఉండును. బంపరుపై చిన్నమూత తీసి దానిని త్రిప్పి బిగింపవలెను. వారికి అది ఉన్నదని తెలియదు. మేము వెనుక అఱలో వెదకి, జాకీ క్రింద గుడ్డలో చుట్టియుండగా తీసి ఇచ్చితిమి. తాటి నడుమ తడి కంబళి వేసితిమి, తెగినను ఎగురకుండుటకు. అందఱను తాటి పొడవుకంటె దూరముగా నిలిపితిమి. ఆ మరకొంకి కుదుపునకు ఓర్వదు గనుక, మఱది క్రిందిగేరులో, నడకకంటె మెల్లగా, కుదుపక లాగెను. రాయి ఒకటి గడగడ దొరలినది. కారు వచ్చినది.

ఆ యిల్లాలు మాటలాడలేక చంటిబిడ్డను మా యొడిలో పెట్టి కన్నీరు తుడుచుకొన్నది. మా అమ్మాయి తన ఉన్నిటోపీ తీసి ఆ బిడ్డకు పెట్టినది. అంతలో వెనుక నుండి దీపములు, రాక్‌లు, ఎఱ్ఱని కొంకులు, ఇంకను పేరు తెలియని అలంకారములు గల జీపు ఒకటి వచ్చి నిలిచెను. అందులోని యువకులు మంచివారు, వెంటనే దిగి సాయము చేయ వచ్చిరి. తాడు మాత్రము వారియొద్ద లేదు.

గ్రంఫూ చేరుసరికి రెండుగంటలు దాటినది. అచ్చట కంప్రెసర్ తగిలించి నాలుగు చక్రములకు గాలి నింపితిమి. అమ్మాయి గేజి చూచి అంకెలు చదివినది. ఒక టైరు ప్రక్కగోడపై వ్రేలంత గీత పడియుండెను, లోపలికి పోలేదు. అత్తగారికి సొరంగము దాటిన పిదప ఫోను చేసి పిల్లచేత మాటలాడించితిమి.

ఇంటికి చేరిన పిమ్మట చేయవలసినది ఒకటి కలదు. తాటి నారలలో ఇసుక దూఱినచో లోలోపలనే కోయుచుండును. కాబట్టి మంచినీటితో కడిగి, నీడపట్టున ఆఱవేసి, తరువాత చుట్టిపెట్టవలెను. మా మఱది చండీగఢ్‌లో తన మేడమీద బట్టల దండెమునకు దానిని వ్రేలవేసెనట. పొరుగింటి పంజాబీ ముసలమ్మ చూచి, గేదెను ఎప్పుడు కొంటివి నాయనా అని అడిగినదని వ్రాసినాడు.